బావగారి చెయ్యి

మా ఆయనకి పక్షవాతం వచ్చిందంటే అందరూ నమ్మారు. మా అన్నయ్య చెయ్యి నలభై రోజులు మా ఇంట్లో ఉందంటే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే మానేయండి. ఆ చేతికి కాఫీలు కలిపిందీ నేనే, దిండు వేసిందీ నేనే. నాకు తెలుసు.

నా పేరు సత్యవేణి. మాది ఉప్పలగుప్తం. మా ఆయన కొండబాబు గారు కొబ్బరికాయలు వలుస్తారు. నేలలో పాతిన గునపం మీద కాయని పొడిచి, రెండు చేతులతో ఒక్క తిప్పు తిప్పితే పీచు ఊడి పక్కన పడాలి. రోజుకి వెయ్యి కాయలు వలిచే మనిషి. పెళ్ళిచూపుల్లో సిగ్గుతో తల దించుకుని కూర్చున్న నాకు ఆయన మొహం కనపడనే లేదు, ఒళ్ళో పెట్టుకున్న ఆ రెండు చేతులే కనిపించాయి. వాటినే చూసి సరేనన్నాను.

మొన్న దీపావళి వెళ్ళిన వారానికి కొబ్బరికాయల కొట్టులో ఆయన చేతిలోంచి కాయ జారిపోయింది. మళ్ళీ తీసుకున్నారట, మళ్ళీ జారిందట. మూడోసారి కాయతోపాటు మనిషి కూడా పడ్డారు. అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళాం. తలలో కుడివైపు రక్తం గడ్డకట్టి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ పడిపోయాయన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. "మరి నోరండీ?" అని అడిగాను. నోటికేమీ కాలేదన్నారు. అది మాత్రం మూడో రోజుకి నాకే బాగా తెలిసింది.

మూడో రోజు డాక్టరు గారు వచ్చి, ఆ ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకుని, "కొండబాబు గారూ, ఈ చెయ్యి ఎవరిదండీ?" అని అడిగారు.

మా ఆయన దాన్ని సంతలో గేదెని చూసినట్టు పైనుంచి కిందదాకా చూశారు. "మా బావగారిదండి," అన్నారు.

"ఏ బావగారండీ?"

"మా ఆవిడ అన్నయ్యండి. మురమళ్ళ ఎర్రయ్య గారని, రొయ్యల చెరువులున్నాయండి ఆయనకి."

"మరి ఆయన చెయ్యి మీ మంచం మీద ఎందుకుందండీ?"

"అదే నాకూ అంతు పట్టట్లేదండి. పిలవకుండా ఎక్కడికీ వచ్చే మనిషి కాదండి ఆయన," అన్నారు మా ఆయన, ఎంతో మర్యాదగా.

మనిషికి మతి పోయిందనుకున్నాను. ఆ తర్వాత ఒళ్ళు మండింది. నాలుగేళ్ళుగా మా అన్నయ్య పేరు ఎత్తితే కంచం ముందునుంచి లేచిపోయే మనిషి, ఇప్పుడు డాక్టరు ముందు "గారు" తగిలించి మరీ చెబుతున్నారు!

ఆ గొడవేంటో చెప్పకపోతే మీకు అర్థం కాదు. మా అమ్మాయి భవాని పెళ్ళి కరోనా రోజుల్లో చేశాం. మా వైపు పిలుపంటే మాటలు కాదు. గుమ్మంలోకి వెళ్ళాలి, ఇంటావిడకి బొట్టు పెట్టాలి, రెండు చేతులతో శుభలేఖ ఇచ్చి "తప్పకుండా రావాలండి" అనాలి, వాళ్ళిచ్చిన కాఫీ తాగాలి. అందులోనూ మా అన్నయ్య పిల్లకి మేనమామ. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకురావలసినవాడు. భవాని పుట్టిన రోజు నుంచీ "దీని బుట్ట మోసేది నేనే" అని చెప్పుకుని తిరిగినవాడు. అలాంటివాణ్ణి మా ఆయన ఎలా పిలిచారనుకున్నారు? "రోజులు బాగాలేవు, ఎవరిళ్ళకీ వెళ్ళకూడదంట" అని అరుగు మీద కూర్చుని, కుడిచేత్తో కాఫీ తాగుతూ, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, ఆ ఎడమ బొటనవేలితోనే నొక్కి వాట్సాప్‌లో పంపేశారు. "అన్నయ్య ఇంటికైనా వెళ్ళి రండి" అన్నాను. "ఈ రోజుల్లో అవన్నీ ఎవరు పట్టించుకుంటారే!" అన్నారు. అన్నయ్య పట్టించుకున్నాడు. పెళ్ళికి రాలేదు. బుట్ట మా చిన్నాన్న కొడుకు మోశాడు, మండపం దగ్గర రెండుసార్లు తూలాడు కూడా. అప్పట్నుంచి బావాబావమరదులకి మాటల్లేవు.

సరే, పది రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. చేతికి వ్యాయామం చేయించడానికి లక్ష్మీతులసి అని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ స్కూటీ మీద వచ్చేది. మొదటిరోజే ఆ పిల్లని వంటింట్లోకి లాక్కెళ్ళి, "నిజం చెప్పమ్మా, ఈయనకి పిచ్చెక్కిందా?" అని అడిగాను.

"పిచ్చి కాదు పిన్నిగారండీ," అంది. "మన ఒంట్లోంచి మెదడుకి పొద్దస్తమానం కబుర్లు వెళ్తుంటాయండి. గుండె కొట్టుకుంటోందనీ, కడుపు ఖాళీగా ఉందనీ, చెయ్యి ఇక్కడుందనీ, వేళ్ళు చల్లబడ్డాయనీ. ఆ కబుర్లన్నీ కలుపుకుని 'ఇదంతా నేను' అనుకుంటుందండి మెదడు. బాబాయ్ గారికి ఆ చేతి దగ్గర్నుంచి కబురు రావడం ఆగిపోయింది. కంటికేమో చెయ్యి కనపడుతోంది. కబురు లేని చెయ్యి నాది కాదు, ఇంకెవరిదో అయ్యుంటుందని దానికో పేరు తగిలించేసిందండి."

"తగిలించడానికి మా అన్నయ్యే దొరికాడా?"

"అది నాకు తెలీదండి," అంది నవ్వాపుకుంటూ.

ఆ పిల్ల వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. యాభై రెండేళ్ళుగా నేను సత్యవేణినని ధీమాగా తిరుగుతున్నానా, ఆ ధీమా అంతా లోపల్నుంచి వచ్చే కబుర్ల మీద నడుస్తోందన్నమాట! నా మోకాళ్ళ నొప్పుల్ని ఎన్నేళ్ళుగా తిట్టుకున్నానో. ఆ పూట మాత్రం వాటిని ఒక్క మాట అనలేదు.

లక్ష్మీతులసి ఇంకో మాట కూడా చెప్పింది. మొదటి మూడు నెలలే కీలకమట. రోజూ ఆ వేళ్ళు తెరిచి, మూసి, మోచెయ్యి తిప్పి, ఆయన కూడా మనసు పెట్టి చేస్తేనే చెయ్యి మళ్ళీ పనిలోకి వస్తుందట. లేకపోతే పిడికిలి బిగుసుకుపోయి అలాగే ఉండిపోతుందట. కొబ్బరికాయ సంగతి దేవుడెరుగు, అన్నం కలుపుకునేటప్పుడు కంచం పట్టుకోవడానికి కూడా పనికిరాదట.

చెయ్యి ఆయనదైతే కదా మనసు పెట్టడానికి! ఆ పిల్ల వేళ్ళు పట్టుకోగానే మా ఆయన కేక పెట్టారు. "అమ్మమ్మా, ఆగమ్మా! ఆయన్నడక్కుండా ఆయన చెయ్యి మెలి తిప్పేస్తావేంటి? రేపు తెలిస్తే మాటొస్తుంది. అసలే శుభలేఖ గొడవ ఒకటుంది మా మధ్య," అని కుడిచేత్తో తువ్వాలు తీసి దాని మీద కప్పేశారు.

ఇక మా ఇంట్లో ఆ చేతికి జరిగిన మర్యాద నాకు నా పెళ్ళిలో కూడా జరగలేదు. దిండు దానికే. ఫ్యాను దాని వైపే. కాఫీ తెస్తే "ముందు బావగారికివ్వు" అనేవారు. ఆ చేతి పక్కన గ్లాసు పెట్టేదాన్ని. కాసేపు చూసి, "తాగట్లేదే! కోపం ఇంకా తగ్గినట్టు లేదు" అని నిట్టూర్చి, చల్లారిపోతే పారబోయడం బాగుండదని అదీ ఆయనే తాగేసేవారు. షుగరున్న మనిషి, పూటకి రెండు కాఫీలు! నేను పక్క దులుపుతూ ఆ చేతిని కాస్త గట్టిగా జరిపితే, "నెమ్మదే, ఇంటికొచ్చిన మనిషి" అని నా మీద కళ్ళెర్రజేసేవారు.

ఓసారి లక్ష్మీతులసి గెడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఎదురుగా పెట్టింది. "బాబాయ్ గారూ, అద్దంలో ఆ చెయ్యి ఎవరిదండీ?"

"నాదే."

"మంచం మీదదండీ?"

"బావగారిది."

"రెండూ ఒకటేగదండీ!"

"నువ్వింకా చిన్నదానివమ్మా, నీకు తెలీదు," అన్నారు మా ఆయన జాలిగా.

ఇరవై రోజులు గడిచాయి. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఒకరోజు నీళ్ళు పోసేటప్పుడు చూశాను. వేళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయి. విప్పబోతే రాలేదు. సబ్బు పెట్టి జార్చినా రాలేదు. నాకు భయమేసింది. పెరట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుపయ్యాక మొహం కడుక్కుని ఆటో ఎక్కి మురమళ్ళ వెళ్ళాను.

అన్నయ్య చెరువు గట్టు మీద మేత బస్తా విప్పుతున్నాడు. వదిన వీరదుర్గ పక్కనే ఉంది. నన్ను చూడగానే అన్నయ్య మొహం అటు తిప్పుకుని, "ఎలా ఉంది ఆయనకి?" అన్నాడు.

"చూడ్డానికి రాకూడదా అన్నయ్యా?"

"వచ్చేనే. ఆస్పత్రి గేటు దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయేను. పిలుపు లేదుగా."

"ఆస్పత్రికి పిలుపేంటి నీ మొహం! పక్షవాతం వచ్చిందహో అని బొట్టు పెట్టి పిలుస్తారా ఎవరైనా?"

"ఎన్ని చెప్పినా సరేనమ్మాయ్. ఆయన నోటితో పిలవందే నేనా గుమ్మం తొక్కను."

నాకు తిక్క రేగింది. "నిన్నెవరు రమ్మన్నారు? నీ చెయ్యి మా ఇంట్లో ఉంది. ఇరవై రోజులుగా మేపుతున్నాను. నా వల్ల కాదు, వచ్చి పట్టుకుపో!"

అన్నయ్య మేత పొడి అంటిన తన చేతులు రెండూ ఎత్తి చూసుకున్నాడు. నేను గట్టు మీద చతికిలబడి మొత్తం చెప్పాను. కాఫీ సంగతికి వచ్చేసరికి వదిన నవ్వు ఆపుకోలేక గట్టు మీద నుంచి చెరువులోకి జారబోయింది. అన్నయ్య నవ్వలేదు. "ముందు బావగారికివ్వమన్నారా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

"ఎంతయినా పిలుపు లేకుండా..." అని మళ్ళీ మొదలెట్టాడు.

వదిన కళ్ళు తుడుచుకుంటూ అంది. "మన వస్తువు మనం తెచ్చుకోడానికి పిలుపెందుకండీ?"

మర్నాడు తొమ్మిదింటికి మా వాకిట్లో బండి ఆగింది. అన్నయ్య లోపలికొచ్చి, మా ఆయన మొహం వైపు చూడకుండా, మంచానికి ఎడమ పక్క స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మా ఆయన ఉన్నచోటే కాస్త సర్దుకున్నారు.

"ఏవండీ, కళ్ళు విప్పి చూడండి," అన్నాను. "అన్నయ్య రెండు చేతులూ అన్నయ్యకే ఉన్నాయి. మరి ఇదెవరిది?"

మా ఆయన అన్నయ్య చేతులు చూశారు. ఒకటి, రెండు. మంచం మీది చెయ్యి చూశారు. మూడు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టారు. ఆయన మొహంలో నేను ఎన్నడూ చూడని గౌరవం కనపడింది.

"మూడున్నాయే బావగారికి! ఎప్పుడూ చెప్పలేదేంటే నువ్వు? రొయ్యల చెరువు పనికి బాగా కలిసొస్తుందిలే," అన్నారు.

గుమ్మం దగ్గర లక్ష్మీతులసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను నెత్తి కొట్టుకున్నాను. అన్నయ్య మాత్రం ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని చూస్తున్నాడు. అరచేతిలో ముప్ఫై ఏళ్ళు గునపం దగ్గర గట్టిపడిన చర్మం ఉంది. దాన్ని బొటనవేలితో తడిమాడు. ముడుచుకున్న వేళ్ళని విప్పబోయాడు, రాలేదు. అన్నయ్య మొహం మాడిపోయింది.

"ఇది నా చెయ్యి," అన్నాడు గట్టిగా, ఎవర్నీ చూడకుండా. "నా చేతిని నా ఇష్టమొచ్చినట్టు తిప్పుకుంటాను. ఇంకెవరూ ముట్టుకోనక్కర్లేదు. అమ్మాయ్ తులసమ్మా, ఎలా చెయ్యాలో చెప్పు."

మా ఆయన వెంటనే తువ్వాలు తీసేశారు. "ఆయ్, మీ చెయ్యి మీ ఇష్టమండి. నాకేం అభ్యంతరం?" అన్నారు గాల్లోకి.

అలా మా అన్నయ్య రోజూ పొద్దున్నే రొయ్యలకి మేత వేసి, ఇరవై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ తన చేతికి వ్యాయామం చేసుకోడానికి మా ఇంటికి వచ్చేవాడు. మాటల్లేవు కదా, అందుకని చేతితో మాట్లాడేవాడు. "ఏమండీ చెయ్యిగారూ, నిద్ర బాగా పట్టిందా?" అనేవాడు. మా ఆయన పైకప్పు వైపు చూస్తూ "పట్టిందంటోందండి" అనేవారు. "మీ ఇంట్లో కాఫీ మరీ నీళ్ళలా ఉందట కదండీ?" అనేవాడు. "మీ చెల్లెలి చేతి మహిమండి, నేనేం చేస్తాను?" అని వచ్చేది జవాబు. గంటసేపు ఇద్దరూ కలిసి నన్నే ఎటకారం ఆడేవారు. తస్సాదియ్యా, నాలుగేళ్ళ పగ కూడా ఇంతకన్నా నయం అనిపించేది.

"నూనె గబగబా రుద్దకండి మావయ్యగారూ," అని లక్ష్మీతులసి చెప్పింది. "చంటిపిల్లకి రాసినట్టు మెల్లగా రాయండి. ఆ కబురే లోపలికి బాగా చేరుతుందండి."

"చంటిపిల్లకి రాయడం నాకొచ్చండి చెయ్యిగారూ," అన్నాడు అన్నయ్య, మణికట్టు నుంచి మోచేతి దాకా నెమ్మదిగా రాస్తూ. "భవాని పుట్టినప్పుడు రోజూ నేనే రాసేవోణ్ణి. బుట్ట మొయ్యడానికే పిలుపు రాలేదు."

ఆ రోజు మా ఆయన కాఫీ ముట్టుకోలేదు.

ఆ వేళ్ళు మెల్లమెల్లగా విచ్చుకున్నాయి. చెయ్యి ఇంటికొచ్చిన నలభయ్యో రోజున అన్నయ్య చిటికెన వేలు వంచుతుంటే గోరు గుచ్చుకుంది కాబోలు, మా ఆయన "అబ్బా!" అన్నారు.

అన్నయ్య ఆగాడు. "నా చేతికి నొప్పేస్తే మీరెందుకండీ అరవడం?" అన్నాడు. నాలుగేళ్ళలో ఆయనతో ఎదురుగా అన్న మొదటి మాట అది.

మా ఆయన మొహం ఎర్రబడింది. "దోమ కుట్టిందండి. కాలి మీద," అన్నారు.

ఆ మధ్యాహ్నం నేను మంచినీళ్ళు తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మా ఆయన కుడిచేత్తో ఎడమ చేతిని పట్టుకుని, ఒక్కొక్క వేలూ నొక్కి చూసుకుంటున్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి గబుక్కున దుప్పటి కప్పేశారు.

"తెలిసిపోయిందా?" అన్నాను.

"చలిమిడి ముద్ద పట్టుకున్నట్టుందే ఇంకా. కానీ నాదే," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అన్నయ్యకి చెప్పకు. తెలిస్తే రేపట్నించి రాడు," అన్నారు.

మర్నాడు అన్నయ్య బండి తీస్తూ నన్ను వాకిట్లోకి పిలిచాడు. "అమ్మాయ్, ఆ వేళ్ళు నా వేళ్ళని పట్టుకుంటున్నాయే. ఆయనకి తెలిసిపోయినట్టుంది. నువ్వేం అడగమాకు. నాదేనన్నంతకాలం రావచ్చు, ఆయనదని తేలితే మళ్ళీ పిలుపు కావాలి," అన్నాడు.

ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తెలుసని నాకు తెలుసు. అయినా నెలన్నర పాటు రోజూ తొమ్మిదింటికి "చెయ్యిగారూ" అంటూ ఆ నాటకం నడిచింది. మధ్యలో నేను కాఫీలు మోశాను. మగాళ్ళకి సిగ్గుండదని నేననడం లేదు, మా ఇంట్లో ఉన్న ఈ ఇద్దరి సంగతి చెబుతున్నాను.

ఈలోగా మా ఆయన కాలు కర్ర సాయంతో అడుగులు వేసేదాకా వచ్చింది, భవానికి ఏడో నెల వచ్చింది. నాలుగేళ్ళకి కడుపు పండిన పిల్ల, సీమంతం ఘనంగా చేద్దామనుకున్నాం. ఒకరోజు పొద్దున్న మా ఆయన ఆరింటికే లేచి, తెల్లచొక్కా వేయించుకుని, కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. "ఆటో పిలు. కుంకుమ భరిణె తీసుకో. మురమళ్ళ వెళ్ళాలి," అన్నారు.

"అన్నయ్యే తొమ్మిదింటికి వస్తాడు కదండీ. ఇక్కడే ఇవ్వొచ్చుగా కార్డు?"

"ఇక్కడిస్తే పిలుపెలా అవుద్దే?" అని కసిరారు.

అన్నయ్య అప్పుడే బయల్దేరబోతున్నాడు, చేతిలో బండి తాళంచెవి ఉంది. ఆటో దిగుతున్న మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయాడు. మా ఆయన కర్ర నాకిచ్చేశారు. గుమ్మం దాకా ఆ నాలుగడుగులూ ఒక్కరే నడిచారు. ఎక్కడ పడతారోనని నా ప్రాణం గిలగిల్లాడింది. నేను వదినకి బొట్టు పెట్టాను. మా ఆయన జేబులోంచి కార్డు తీసి, కుడిచేత్తో పట్టుకున్నారు. తర్వాత ఎడమ చెయ్యి లేవడం మొదలుపెట్టింది. వణుకుతూ, సగంలో ఆగి, మళ్ళీ లేచి, వేళ్ళు తెరుచుకుని కార్డు రెండో అంచు పట్టుకుంది. దానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఎవరూ సాయానికి వెళ్ళలేదు.

"అమ్మాయి సీమంతమండి బావగారూ. మీరు తప్పకుండా రావాలండి," అన్నారు.

అన్నయ్య చెయ్యి చాపలేదు. ఆ ఎడమ చేతినే చూస్తూ, "కుడిది మీదేనండి. మరి ఆ ఎడమ చెయ్యి ఎవరిదండీ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడా ఎటకారం! 'మీదేనండి' అని మా ఆయన నవ్వేస్తే సరిపోయేది. అన్నయ్య కూడా నవ్వేసేవాడు. అందరం కాఫీ తాగి వచ్చేసేవాళ్ళం.

మా ఆయన నవ్వలేదు. "నాదేనండి," అన్నారు. "ఆ రోజు కుడిచేత్తో కాఫీ తాగుతూ, మీకు ఫోన్లో శుభలేఖ నొక్కింది ఈ చెయ్యేనండి. వేరేవాళ్ళది కాదండి. నాదే."

కార్డు గడగడా వణుకుతోంది. అన్నయ్య గబుక్కున ముందుకొచ్చి, కార్డుతోపాటు ఆ రెండు చేతుల్నీ కూడా తన రెండు చేతుల్తో పట్టుకున్నాడు. నేను అక్కడే, కర్ర పట్టుకుని, వీధిలో అందరూ చూస్తుండగా బావురుమన్నాను.

"ఆయ్. వస్తానండి," అన్నాడు అన్నయ్య. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఇవాళ తొమ్మిదింటికి కూడా వస్తాను. ఇన్నాళ్ళూ నాదని మెల్లగా తిప్పేను. మీదని తేలిందిగా, ఇంక చూడండి," అన్నాడు.

లోపల్నుంచి వదిన కాఫీ తెచ్చింది. మా ఆయన ఆ గ్లాసు కుడిచేత్తోనే అందుకున్నారు, ఎడమది ఇంకా అన్నయ్య చేతిలోనే ఉంది.